కెనడా కాలేజీల్లో ఆదివాసీ దృష్టితో కమ్యూనిటీ సపోర్ట్ కోర్సు చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా (బీసీ) ప్రావిన్స్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో సోషల్ వర్కో, స్పెషల్ ఎడ్యుకేషనో, నర్సింగో చదివినవాళ్లు కాలేజీ ఉద్యోగాల్లో "కమ్యూనిటీ సపోర్ట్, ఇండిజినస్ ఫోకస్" అన్న ప్రకటన చూడగానే నాకు మెసేజ్ పెడుతుంటారు. ఇదేం కోర్సు, మనం అప్లై చేయొచ్చా, వస్తే ఏం చెప్పాలి అని. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అడిగేవి వేరే. అందరికీ కలిపి ఒకచోట రాస్తున్నాను. నేను ఈ రంగంలో పాఠం చెప్తాను కానీ ఇక్కడి ఆదివాసీని కాను, కాబట్టి ఇది బయటి నుంచి వచ్చి వాళ్లతో కలిసి పనిచేస్తున్న మనిషి మాటగా తీసుకోండి. ఉదాహరణలు ఎక్కువగా వాంకూవర్ ఐలాండ్ వైపువి, నాకు తెలిసిన నేల అదే.

కమ్యూనిటీ సపోర్ట్ వర్కర్ అంటే సోషల్ వర్కరేనా?

కాదు. సోషల్ వర్కర్‌కి డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి, కేసు ఫైలు వాళ్ల చేతిలో ఉంటుంది. సపోర్ట్ వర్కర్ మనిషి పక్కన ఉంటారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, మెదడుకు దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లు, వీళ్లకి స్నానం, మందులు, వంట దగ్గర్నుంచి బస్సెక్కడం, చిన్న ఉద్యోగం నిలబెట్టుకోవడం, మాట రాని పిల్లాడు బొమ్మల కార్డు చూపించి తనకేం కావాలో చెప్పుకోవడం దాకా తోడుంటారు. బీసీలో చాలా కాలేజీలు దీన్ని, స్కూళ్లలో పనిచేసే ఎడ్యుకేషన్ అసిస్టెంట్ కోర్సుని కలిపి నడుపుతాయి.

ఒకప్పుడు ఇలాంటివాళ్లని ఇంటికి దూరంగా పెద్ద పెద్ద సంస్థల్లో పెట్టేవాళ్లు. న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లోని వుడ్‌లాండ్స్ అలాంటిదే, 1996లో మూతపడింది. మనుషులు ఊళ్లలోకి, ఇళ్లలోకి వచ్చాక పక్కన ఉండేవాళ్ల అవసరం పెరిగింది. పెద్దవాళ్లకి ఈ సేవల డబ్బు చూసే కమ్యూనిటీ లివింగ్ బీసీ అనే ప్రభుత్వ సంస్థ 2005లో మొదలైంది.

అవసరం అందరిదీ ఒకటే కదా, మళ్లీ ఇండిజినస్ ఫోకస్ ఎందుకు?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, దీనికి జవాబు తెలియకుండా ఈ క్లాసులోకి వెళ్లొద్దు.

కెనడాలో ఆదివాసీలు అంటే ఫస్ట్ నేషన్స్ (వీళ్లలో ఒక్కో సమూహాన్ని నేషన్ అంటారు), మేటీ (ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసినవాళ్లు), ఇన్యూయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతంవాళ్లు). 2021 జనాభా లెక్కల ప్రకారం 18 లక్షల మంది, దేశ జనాభాలో 5 శాతం. 15 ఏళ్లలోపు పిల్లల్లో వాళ్ల వాటా 7.7 శాతమే, కానీ ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంత ఇంటి నుంచి తీసుకెళ్లి వేరే ఇంట్లో పెట్టిన పిల్లల్లో, 53.8 శాతం వాళ్లే. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన రాసి బోర్డు మీద ఉంచితే పాఠం సగం అయిపోయినట్టే.

మనం బ్యాడ్జి వేసుకుని, ఫైలు పట్టుకుని ఒక ఇంటి తలుపు కొట్టాం అనుకోండి. లోపల ఉన్న అమ్మమ్మకి ఆ బ్యాడ్జి సాయం లాగా కనిపించదు. తన చిన్నప్పుడు అలాంటి మనిషే వచ్చి తనని రెసిడెన్షియల్ స్కూలుకి తీసుకెళ్లాడు, 1960ల్లో అలాంటివాళ్లే వచ్చి చెల్లెలి పిల్లల్ని దత్తతకి పంపేశారు. ఆవిడ తలుపు తీయకపోతే "కుటుంబం సహకరించడం లేదు" అని రాసుకొచ్చే వర్కర్లు ఉన్నారు. ఆ మాట రాయని వర్కర్‌ని తయారుచేయడానికే ఈ ఫోకస్.

ఇంకో సంగతి. మానిటోబాలోని నార్వే హౌస్ క్రీ నేషన్‌కి చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ అనే పిల్లాడు పుట్టుకతోనే తీవ్రమైన ఆరోగ్య సమస్యలతో ఉన్నాడు. ఇంటికి పంపొచ్చు అని డాక్టర్లు చెప్పాక కూడా, ఇంటి దగ్గర అతని సంరక్షణ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఫెడరల్ ప్రభుత్వం, ప్రావిన్స్ తేల్చుకోలేక రెండేళ్లకు పైగా ఆసుపత్రిలోనే ఉంచేశారు. 2005లో, ఐదేళ్ల వయసులో, తన ఇంట్లో ఒక్కరోజు కూడా గడపకుండా చనిపోయాడు. అతని పేరు మీదే జోర్డన్స్ ప్రిన్సిపుల్ వచ్చింది: ముందు పిల్లాడికి సేవ అందాలి, బిల్లు ఎవరిదన్నది తర్వాత తేల్చుకోవాలి. 2007లో పార్లమెంటు ఏకగ్రీవంగా ఒప్పుకుంది, అయినా అమలు కోసం మానవ హక్కుల ట్రిబ్యునల్ 2016లో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. స్కూల్లో ఒక ఫస్ట్ నేషన్స్ పిల్లాడికి వీల్‌చైరో స్పీచ్ థెరపీయో కావాలంటే ఈ పేరు తెలిసిన సపోర్ట్ వర్కర్‌కీ తెలియని వర్కర్‌కీ చాలా తేడా ఉంటుంది.

రెసిడెన్షియల్ స్కూళ్లంటే మన గురుకులాల్లాంటివే కదా?

కాదండీ. ఈ పోలిక క్లాసులో పొరపాటున కూడా తేవొద్దు. మన దగ్గర సీటు కోసం ప్రవేశ పరీక్ష రాస్తారు. ఇక్కడ ఆదివాసీ పిల్లల్ని చట్టం బలంతో తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్లారు, భాష మాట్లాడితే కొట్టారు, అక్కాతమ్ముళ్లని కూడా విడదీశారు. లక్షా యాభై వేల మందికి పైగా పిల్లలు వాటిలో ఉన్నారు, వేలమంది ఇంటికి తిరిగి రాలేదు. ఆఖరి స్కూళ్లు 1990ల చివర్లో మూతపడ్డాయి, అంటే అక్కడ చదివినవాళ్లలో నలభైల్లో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. మీ క్లాసులో ఉండొచ్చు.

దీని మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫార్సులు ఇచ్చింది. మొట్టమొదటిదే పిల్లల సంక్షేమం గురించి: పిల్లల ఇళ్లకు వెళ్లి విచారణ చేసే సోషల్ వర్కర్లకీ మిగతావాళ్లకీ ఈ స్కూళ్ల చరిత్ర, దాని ప్రభావం నేర్పాలి అని. ఇలాంటి కోర్సులకు అదొక బలమైన ఆధారం.

ఆదివాసీ కాని వాళ్లకి, అందులోనూ మన తెలుగువాళ్లకి, ఈ ఉద్యోగం ఇస్తారా?

చాలా పోస్టుల్లో ఆదివాసీ అభ్యర్థులకే మొదటి ప్రాధాన్యం, కొన్ని వాళ్లకి మాత్రమే. బీసీ మానవ హక్కుల చట్టం 42వ సెక్షన్ కింద ఇది పూర్తిగా సక్రమం. "ఇదేం వివక్ష" అని విసుక్కునేవాళ్లని చూశాను. రిజర్వేషన్ల గురించి మన ఊళ్లలో ఇన్నేళ్లుగా వింటూ పెరిగినవాళ్లం, ఎందుకు పెడతారో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఈ కోర్సుకి ప్రధాన ఉపాధ్యాయులు ఆదివాసీలే అయి ఉండాలి. మనకి చోటు ఉంది, అది పక్క చోటు. వ్యక్తిగత సంరక్షణ, ప్రవర్తన సమస్యల్లో సాయం, మందులు, కమ్యూనికేషన్ పరికరాలు, ప్రాక్టికమ్ (విద్యార్థులు బయట చేసే పని శిక్షణ) పర్యవేక్షణ, వీటిలో అనుభవం ఉంటే కలిసి పాఠం చెప్పమని అడుగుతారు.

అర్హత విషయానికొస్తే, మామూలుగా సంబంధిత సబ్జెక్టులో బ్యాచిలర్స్ డిగ్రీ, ఫీల్డ్‌లో కొన్నేళ్ల పని, ఫస్ట్ నేషన్స్ కమ్యూనిటీలతో పనిచేసిన అనుభవం అడుగుతారు. పిల్లలతో, బలహీన పరిస్థితుల్లో ఉన్న పెద్దవాళ్లతో పని కాబట్టి క్రిమినల్ రికార్డ్ చెక్ తప్పదు.

ఆదివాసీలే నడిపే కాలేజీలు లేవా?

ఉన్నాయి, ముందు అవే చూడండి. బీసీలో మెరిట్ అనే ఊళ్లో నికోలా వ్యాలీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1983 నుంచి ఉంది. వాంకూవర్‌లో నేటివ్ ఎడ్యుకేషన్ కాలేజ్, రెజైనాలో ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ ఉన్నాయి. అల్బర్టాలో బ్లూ క్విల్స్ కథ అయితే తప్పకుండా తెలుసుకోవాలి. అదొక రెసిడెన్షియల్ స్కూలు. 1970లో ప్రభుత్వం దాన్ని తమకు అప్పగించనంటే చుట్టుపక్కల నేషన్ల జనం వచ్చి అందులోనే బైఠాయించి, కదలకుండా కూర్చుని సాధించుకున్నారు. కెనడాలో ఫస్ట్ నేషన్స్ సొంతంగా నడిపిన మొదటి స్కూలు అదే. ఇప్పుడు యూనివర్సిటీ.

క్లాసులో ఎవరుంటారు?

ఇంటర్ అయిపోగానే వచ్చిన పిల్లల్ని ఊహించుకుంటే ఆశ్చర్యపోతారు. బ్యాండ్ (ఒక ఫస్ట్ నేషన్ స్థానిక పాలన) నడిపే స్కూల్లో ఏళ్ల తరబడి పనిచేస్తూ ఇప్పుడు సర్టిఫికెట్ కోసం వచ్చిన ఆంటీలు, చంకలో పిల్లతో వచ్చే తల్లులు, మనవల్ని పెంచుతూ చదువుకునే నానమ్మలు. కొందరికి వాళ్ల నేషనే ఫీజు, ఖర్చులు ఇస్తుంది. సపోర్ట్ అంటే ఏంటో వాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు, ఇంట్లో ఆటిజం ఉన్న అన్నకి అన్నం పెడుతూ పెరిగినవాళ్లు ఉంటారు. వాళ్లకి తెలిసినదానికి ఉద్యోగం ఇచ్చేవాళ్లు అర్థం చేసుకునే పేర్లు, కాగితాలు, చట్టం అందించడం మన పనిలో పెద్ద భాగం. ఆదివాసీలు కాని విద్యార్థులూ ఉంటారు, వాళ్లలో మన పంజాబీ, మలయాళీ, తెలుగు పిల్లలు కూడా.

ఎల్డర్లు, అంటే కమ్యూనిటీ గౌరవించే పెద్దలు, క్లాసుకి వస్తారట. వాళ్లేం చేస్తారు?

ప్రార్థన చేసి వెళ్లిపోతారని చాలామంది అనుకుంటారు. కాదు. మంచి ప్రోగ్రాముల్లో ఎల్డర్ టర్మ్ అంతా ఉంటారు, విద్యార్థులు విడిగా వెళ్లి మాట్లాడతారు, పాఠంలో తేడా ఉంటే ఆవిడో ఆయనో నేరుగా చెప్తారు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరు మాట్లాడతారు, మధ్యలో అడ్డు రాకూడదు. ఎల్డర్ మాట్లాడుతుంటే గడియారం చూడొద్దు, స్లైడ్లు మిగిలిపోతే మిగిలిపోనివ్వండి.

వాళ్ల సమయానికి గౌరవ వేతనం ఇవ్వాలి, అది కూడా అదే రోజు. కాలేజీ అకౌంట్స్ వాళ్లు ఫారాలు నింపమని ఎనభై ఏళ్ల పెద్దావిడని తిప్పితే, ఆ పని మీరే ముందుండి చేసిపెట్టండి. రావడానికి కారు ఏర్పాటు, తినడానికి వేడిగా ఏదైనా, పక్కన సాయానికి ఒక మనిషి. పిలిచే పద్ధతి ఊరిని బట్టి మారుతుంది. ప్రెయిరీల్లో (కెనడా మధ్యలోని మైదానాల్లో) క్రీ పెద్దల్ని ఏదైనా అడగాలంటే ముందు పొగాకు సమర్పించే ఆచారం ఉంది, పశ్చిమ తీరంలో పద్ధతులు వేరు. కాలేజీలో ఆదివాసీ విభాగంవాళ్లని అడిగి తెలుసుకోండి.

సిలబస్ ఎలా ఉంటుంది?

చరిత్ర, వైకల్యం, ఆరోగ్యం, పిల్లల ఎదుగుదల, ప్రవర్తన, కమ్యూనికేషన్, ప్రాక్టికమ్. కాలేజీని బట్టి పేర్లు మారతాయి. చరిత్రని మొదటి యూనిట్‌లో ముగించి, తర్వాత మామూలు పాఠాలకు వెళ్లిపోయే సిలబస్ నాకు నచ్చదు. మందుల చార్టు చెప్పే రోజు కూడా జాయిస్ ఎషక్వాన్ గురించి చెప్పాలి. ఆవిడ అటికమెక్ నేషన్ మహిళ, 2020 సెప్టెంబరు 28న క్యూబెక్‌లోని జోలియెట్ ఆసుపత్రిలో చనిపోయింది, చనిపోయే ముందు సిబ్బంది తనని అవమానిస్తున్న మాటల్ని ఫోన్లో లైవ్ పెట్టింది. నొప్పి అని చెప్తే నమ్మకపోవడం ఎంత ప్రమాదమో విద్యార్థికి ఆ రోజు తెలుస్తుంది.

సాంస్కృతిక భద్రత అనే ఆలోచన కూడా ఇక్కడే వస్తుంది. న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ దీన్ని ముందుకు తెచ్చారు. సేవ భద్రంగా ఉందో లేదో తేల్చేది సేవ ఇచ్చేవాళ్లు కాదు, తీసుకునేవాళ్లు. వినడానికి చిన్న మాట, ఆచరణలో పెడితే మన ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ తిరగరాయాలి.

నాకు బాగా ఇష్టమైన పాఠం పాత్ (PATH) అనే ప్లానింగ్ పద్ధతి. గోడకి పొడవాటి తెల్ల కాగితం అతికిస్తాం. వైకల్యం ఉన్న మనిషి మధ్యలో కూర్చుంటారు, చుట్టూ తనకి కావలసినవాళ్లు. కాగితం కుడి చివర తన కల ఏంటో బొమ్మలుగా గీస్తారు, ఎడమవైపు ఇవాళ్టి పరిస్థితి, మధ్యలో ఎవరు తోడు, ఏ నెలలో ఏ అడుగు. ఈ గదిలోకి కుటుంబం అంటే అమ్మానాన్న ఇద్దరే అనుకుని రెండు కుర్చీలు వేశారంటే మీకు పాఠం అర్థం కానట్టే. పిన్నులు, మామయ్యలు, కజిన్లు, ఎల్డర్, చేపల పడవ మీద పని నేర్పే బాబాయి, అందరూ వస్తారు. మన ఉమ్మడి కుటుంబాలు చూసినవాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది. కల దగ్గర ఒక కుర్రాడు సొంత ఇల్లో ఉద్యోగమో కాకుండా "పాట్‌లాచ్‌లో డాన్స్ చేయాలి" అని చెప్పొచ్చు. పాట్‌లాచ్ అంటే పశ్చిమ తీర నేషన్ల సంప్రదాయ వేడుక. అప్పుడు సపోర్ట్ ప్లాన్ అంటే రిహార్సల్‌కి రవాణా, శబ్దం భరించలేకపోతే బయటికొచ్చి కూర్చునే చోటు, రెగాలియా (వేడుకల దుస్తులు) వేసుకోవడంలో సాయం. 1885 నుంచి 1951 దాకా పాట్‌లాచ్ జరపడమే నేరం అన్న సంగతి తెలిసిన వర్కర్ ఆ కలని "వినోదం" అన్న కాలమ్‌లో రాయరు.

పిల్లలకి హాని జరుగుతోందని అనుమానం వస్తే రిపోర్ట్ చేయాలని చట్టం. ఇంత చరిత్ర చెప్పి, దాన్నెలా నేర్పుతారు?

ఈ కోర్సులో అన్నిటికంటే కష్టమైన రోజు ఇదే. బీసీ చట్టం ప్రకారం పిల్లలకి రక్షణ అవసరమని అనుకోవడానికి కారణం ఉంటే ఎవరైనా సరే వెంటనే చెప్పాలి, పై అధికారికి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. అందులో రాజీ లేదు, అలాగే చెప్పాలి. కానీ క్లాసులో కూర్చున్నవాళ్లలో సగం మంది ఆ ఫోన్ కాల్ వల్ల పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ల నుంచి వచ్చి ఉండొచ్చు. ప్రసవానికి ముందే తల్లి మీద పిల్లల సంక్షేమ శాఖ ఆసుపత్రికి హెచ్చరిక పంపే బర్త్ అలర్ట్ పద్ధతి బీసీలో 2019 సెప్టెంబరు దాకా నడిచింది.

నేను చెప్పే పద్ధతి ఇది. ముందు 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం, బిల్ సీ-92, తెరుస్తాం. పేదరికం, ఇల్లు సరిగ్గా లేకపోవడం, ఇవి మాత్రమే కారణంగా చూపించి ఆదివాసీ పిల్లల్ని తీసుకెళ్లకూడదని అందులో ఉంది. తీసుకెళ్లక తప్పకపోతే ముందు తల్లిదండ్రుల్లో ఒకరు, తర్వాత బంధువులు, తర్వాత సొంత కమ్యూనిటీవాళ్లు అనే వరస ఉంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. అప్పుడు కేసులు తీస్తాం: ఫ్రిజ్ ఖాళీగా ఉంది, పిల్లాడు పలచటి జాకెట్‌తో వస్తున్నాడు. ఇది హానా, లేమా? లేమి అయితే జాకెట్ తెచ్చివ్వండి, బ్యాండ్ ఆఫీసులో కుటుంబాలకి సాయం చేసేవాళ్లతో కలపండి. హాని అయితే ఫోన్ చేయండి, చూసింది చూసినట్టు చెప్పండి, పిల్లాడి నేషన్ ఏదో, దగ్గరి బంధువులెవరో కూడా చెప్పండి. ఈ చివరి రెండు వివరాలు ఇస్తే పిల్లాడు పరాయి ఇంటికి కాక పిన్ని ఇంటికి వెళ్లే అవకాశం పెరుగుతుంది.

మెడిసిన్ వీల్ (నాలుగు భాగాల చక్రం లాంటి ఆదివాసీ బోధనా చిహ్నం) బొమ్మ పెట్టి నాలుగు భాగాలు చెప్తే సరిపోదా?

సరిపోదు. అది ప్రధానంగా ప్రెయిరీ ప్రాంతాల నేషన్లది. పశ్చిమ తీరంలోని క్వాక్వకవాక్వ, నూ-చా-నుల్త్, కోస్ట్ సేలిష్ ప్రజల భూమి మీద నిలబడి, వాళ్ల సొంత కథలు, సొంత బోధనలు పక్కనపెట్టి దీన్ని చెప్పడం అన్యాయం. దేశంలో 600 పైచిలుకు ఫస్ట్ నేషన్స్ ఉన్నాయి, 70కి పైగా ఆదివాసీ భాషలు ఉన్నాయి. మీ కాలేజీ ఎవరి భూమి మీద ఉందో వాళ్ల దగ్గర మొదలుపెట్టండి.

ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్ (ఇది ఫలానా నేషన్ భూమి అని మొదట్లో చెప్పడం) తప్పనిసరా?

చెప్పండి, పేర్లు సరిగ్గా పలకడం ముందే నేర్చుకుని చెప్పండి. చదివేసి వదిలేయొద్దు.

డెడ్‌లైన్లు, మార్కులు?

చిన్న కమ్యూనిటీలో ఒకరు చనిపోతే ఊరంతా ఆగిపోతుంది, మీ విద్యార్థుల్లో సగం మంది రోజుల తరబడి రారు. దానికి సర్టిఫికెట్ అడగడం కంటే దారుణం ఇంకోటి ఉండదు. సిలబస్ రాసేటప్పుడే ఖాళీ వారాలు ఉంచండి. రాతలో తడబడేవాళ్లకి నోటితో జవాబు చెప్పే అవకాశం ఇవ్వండి. మందులు ఇవ్వడం, మనిషిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం లాంటి చోట మాత్రం ఏ మినహాయింపూ వద్దు. అక్కడ తప్పు జరిగితే దెబ్బ తగిలేది ఇంకొకరికి.

పాఠం మధ్యలో ఎవరైనా ఏడిస్తే?

ఏడవనివ్వండి, వెంటనే టిష్యూ చేతిలో పెట్టి ఆపమన్నట్టు చేయొద్దు. బరువైన పాఠం వచ్చే వారం ముందే చెప్పండి, బయటికి వెళ్లే స్వేచ్ఛ ఇవ్వండి, ఆ రోజు ఎల్డర్ గానీ కౌన్సెలర్ గానీ పక్క గదిలో ఉండేలా చూడండి. "మీ ఇంట్లో ఎవరైనా ఆ స్కూలుకి వెళ్లారా" అని ఎప్పుడూ అడగొద్దు. హోప్ ఫర్ వెల్‌నెస్ లైన్ 1-855-242-3310 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఆదివాసీలకోసమే ఉన్నది, కోర్సు పేజీ పైభాగంలో పెట్టండి.

ఈ కోర్సు చదివితే పీఆర్ వస్తుందా?

వర్క్ పర్మిట్, పీఆర్ నియమాలు తరచూ మారుతున్నాయి, డబ్బు కట్టేముందు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ ప్రోగ్రాం అర్హత ఉందో లేదో చూడండి, ఏజెంట్ మాట మీద కట్టొద్దు. పీఆర్ ఒక్కటే లక్ష్యమైతే ఈ కోర్సు తీసుకోవద్దనే నా సలహా. ఆ సీటు ఆ ఊరి నుంచి వచ్చే ఒకరికి అవసరం.

మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసిన అనుభవం పనికొస్తుందా?

పాడేరులోనో ఉట్నూరులోనో ఐటీడీఏతో పనిచేసినవాళ్లు తమకి ఇదంతా తెలుసని అనుకుంటారు. కొంత తెలుసు. భూమి పోవడం, భాష పోవడం, బయటి టీచరు ఎప్పుడొస్తాడో తెలియని స్కూలు, ఇవి పరిచయమే. కొమురం భీం 1940లో చనిపోయాక నిజాం ప్రభుత్వం పంపిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసి గోండిలో చదువు మొదలుపెట్టించాడు. సొంతవాళ్లు సొంత భాషలో చెప్తే పిల్లలు నిలబడతారన్నది అక్కడా ఇక్కడా ఒకటే. కానీ ఇక్కడి ఒప్పందాలు, ఇండియన్ యాక్ట్ (ఫస్ట్ నేషన్స్ మీద ఉన్న కెనడా చట్టం), బ్యాండ్ పాలన పూర్తిగా వేరు, ఆదిలాబాద్ అనుభవం చెప్పి ఇక్కడివాళ్లకి సలహా ఇవ్వొద్దు. అడిగితే పంచుకోండి. వాళ్లకి ఆసక్తి ఉంటుంది, అడుగుతారు.

నేనెక్కడ మొదలుపెట్టాలి?

94 సిఫార్సులు ఆన్‌లైన్‌లో ఉచితం, ఒక్క సాయంత్రంలో చదవొచ్చు. మీరుండే ఊరి నేషన్ వెబ్‌సైట్ చూడండి, జూన్ 21న (ఆదివాసీల జాతీయ దినం), సెప్టెంబరు 30న (రెసిడెన్షియల్ స్కూళ్ల బాధితుల్ని తలచుకునే దినం) అందరికీ ఆహ్వానం ఉన్న కార్యక్రమాలకి వెళ్లి వెనక వరసలో కుర్చీలు సర్దండి, గిన్నెలు కడగండి. ఐలాండ్ ఉత్తరానికి వెళ్లే వీలుంటే పోర్ట్ మెక్‌నీల్ నుంచి ఫెర్రీ ఎక్కి అలర్ట్ బే వెళ్లండి. 1921 పాట్‌లాచ్ తర్వాత ప్రభుత్వం లాక్కున్న వేడుకల మాస్కులు మళ్లీ ఇంటికి చేరిన ఉమిస్తా కల్చరల్ సెంటర్ అక్కడుంది, దాని పక్కనే ఉండే సెయింట్ మైకేల్స్ రెసిడెన్షియల్ స్కూలు భవనాన్ని 2015లో కూల్చేశారు. సగం రోజు కేటాయించండి, అక్కడివాళ్లు చెప్పేది వినండి. అప్లికేషన్ ఆ తర్వాత రాయండి.